నాలుగో తుమ్ము

మా షెడ్డులో తుమ్మనివాళ్లు లేరు. జనవరి నుంచి మే దాకా నలభైమంది ఆడవాళ్లు వరసలు కట్టి కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటారు. రేకుల కప్పు కింద ఆ ఘాటుకు ఎటూ దారి ఉండదు, మా ముక్కుల్లోకే వస్తుంది. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద బస్సు దిగగానే నాకు మొదటి తుమ్ము, గేటు దగ్గర రెండోది, హాజరు పుస్తకం తెరిచేసరికి మూడోది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

నేనిక్కడ సూపర్‌వైజర్ని. పేరు గొప్పే. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు రాసుకోవడం, మంచి కాయల్లో రంగు పోయిన తాలు కాయలు కలవకుండా చూడటం, ఎవరైనా లేచి ఎక్కువసేపు బయట నిలబడితే కేకేయడం, ఇదీ నా పని. దీనికి ముందు ఇరవై రెండేళ్లు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. బడి మూతపడింది. యాభై నాలుగేళ్ల తెలుగు టీచర్ని ఎవరు రమ్మంటారు? మిర్చి షెడ్డు రమ్మంది, వచ్చాను. ఇక్కడ అందరూ టీచరమ్మా అనే పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా కొంచెం గర్వం, కొంచెం చిరాకు.

బడి పోయినా పుస్తకాల పిచ్చి పోలేదు. మా పేటలో కొందరు కలిసి వేసే చిన్న భక్తి మాసపత్రికకు నెలకో వ్యాసం రాస్తాను, పాత మత గ్రంథాల్లో మర్యాదల గురించి. దేవుడి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు ఆ పెద్ద విషయాలు పట్టవు. ఎదురుపడితే ఎవరు పక్కకు తప్పుకోవాలి, ఇంటికొచ్చిన మనిషికి ముందు ఏం ఇవ్వాలి, పెద్దవాళ్లు వస్తే లేవాలా వద్దా, ఇలాంటివి నాకిష్టం. బరువు మోసేవాడికి, గర్భిణికి, చూపులేనివాడికి దారి వదలాలని మన ధర్మశాస్త్రాల్లో ఉంది. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేకపోయినా, వచ్చినవాడికి కూర్చోవడానికి ఇంత చోటు, తాగడానికి నీళ్లు, ఒక మంచిమాట ఉండకుండా పోవు కదా అని ఉంది. ఎంత బాగుంది! ఇది రాసిన సంతోషంతో మర్నాడు బస్సెక్కితే, చంకన గంప పెట్టుకున్న ముసలావిడ కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. కూర్చున్నవాళ్లంతా సెల్‌ఫోన్లలో తలలు దూర్చి ఉంటారు. నేనూ లేవను. నిజం చెప్పాలి కదా. మోకాళ్ల నొప్పులు, సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను.

ఇప్పుడు రాయబోయేది ఆ పత్రికకు పంపేది కాదు. పంపినా వేసుకోరు.

షెడ్డులో గేటుకు దగ్గరగా, మొదటి వరస చివర కూర్చునే ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. డెబ్బై దాటి ఉంటాయి. అద్దంకి దగ్గర ఒక పల్లె ఆమెది. మిర్చి కాలం వచ్చేసరికి చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి, షెడ్డు వెనకాల ఒక గది తీసుకుని ఉండేది. చెల్లెలికి పుట్టుచెవుడు. పొద్దున్నే చేతులకు కొబ్బరినూనె పట్టించి, కొంగు ముక్కుకు చుట్టుకుని కూర్చుందంటే మధ్యాహ్నం అన్నాలప్పటి దాకా లేచేది కాదు. చేయి నెమ్మదే గానీ, ఆమె తొడిమ తీసిన కాయ ఒక్కటీ చిట్లేది కాదు.

ఆమెకో అలవాటు. ఎవరు తుమ్మినా “చిరంజీవ” అంటుంది. మన ఇళ్లలో పిల్లలు తుమ్మితే పెద్దవాళ్లు అనేదే. కానీ ఆమెకు చిన్నా పెద్దా లేదు. మూల కూర్చున్న అరవయ్యేళ్లావిడ తుమ్మినా చిరంజీవే, బస్తాలు మోసే హమాలీ తుమ్మినా చిరంజీవే. నలభైమంది తలా పదిసార్లు తుమ్మితే ఇక ఆ నోటికి ఖాళీ ఎక్కడిది? పొద్దస్తమానం అదే పాట. పడుచుపిల్లలు ఆటపట్టించేవాళ్లు.

“పెద్దమ్మో, నాకు తుమ్ము వచ్చేట్టుంది. ముందే అనేసి పెట్టు.”

“వచ్చినాక అంటాలే, దొంగమొహందానా. తుమ్మే దాకా కాయలు తియ్యి.”

మధ్యలో ఇంకేదో కూడా అంటుండేది. “ఏమ్మాయ్, లేచి అవతలికి పో కాసేపు” అనో, “ఆ కొంగు తడిపి కట్టుకో” అనో. నేను వినీ విననట్టు తిరిగేదాన్ని. ముసలివాళ్ల గొణుగుడు, మనకెందుకులే అనుకున్నాను. ఆ గొణుగుడేమిటో అప్పుడే చెవిపెట్టి విని ఉంటే బాగుండేది.

ఓనరు ముప్పై అయిదేళ్ల మనిషి. నన్ను ఏనాడూ నువ్వు అన్నది లేదు, నేను ఎదురొస్తే కుర్చీలోంచి సగం లేస్తాడు కూడా. షెడ్డు నిండా కెమెరాలు పెట్టించి, ఎక్కడున్నా సెల్‌ఫోన్లో మమ్మల్ని చూస్తుంటాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పిలిచి ఫోను నా ముందు పెట్టాడు.

“టీచర్ గారూ, గేటు దగ్గర ఆ ముసలామె చూశారా? పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు మూయట్లేదండి.”

ఆ కెమెరాల్లో బొమ్మే గానీ మాట రాదు. పెద్దమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. మాట వినపడకపోయేసరికి, నిజంగానే ఎవరితోనో ఎడతెగని కబుర్లు చెబుతున్నట్టుంది.

“కబుర్లు కాదండీ. తుమ్మినవాళ్లని దీవిస్తుంది.”

“దీవెనలు గుళ్లో ఇచ్చుకోమనండి. ఆమె ఏదో అంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు, వాళ్లని చూసి ఇంకో వరస నవ్వుతుంది. ఈ వారంలోనే కాయ కొనేవాళ్లు బయటినించి చూడ్డానికొస్తున్నారు. రేపట్నించి రావద్దని చెప్పేయండి.”

ఆ షెడ్డు పోతే పెద్దమ్మకు ఇంకో చోటు లేదు. వంగి పొలం పని చేసే నడుము కాదు. ఆ వయసు మనిషిని కొత్తగా ఏ షెడ్డూ గేటు దాటనివ్వదు. ఆమె షెడ్డుకు వచ్చేది అన్నానికి మాత్రమే కాదు, “ఇంటికాడ కూకుంటే ఎవురితో మాట్టాడేది తల్లీ, గోడతోనా?” అని ఎన్నోసార్లు అంది. చెవిటి చెల్లెలు తప్ప మరొకరు లేని ఇల్లు. ఈ నలభైమంది మధ్య కూర్చోవడమే ఆమెకు బతుకు.

“ఒక్క వారం ఆగండి. నేను మాన్పిస్తాను” అన్నాను.

“మీ మాట మీద వదిలేస్తున్నా. మళ్లీ ఆ పెదాలు కదలడం కనపడితే మాత్రం నన్ననొద్దు.”

అన్నాల దగ్గర పెద్దమ్మతో చెప్పాను. “కాస్త ఆ చిరంజీవలు ఆపు పెద్దమ్మా. ఓనరు గారికి నచ్చట్లేదు. నీ చోటు పోతుంది.” చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “అట్టాగే తల్లీ, అట్టాగే” అంది. మూడు గంటల దాకా పెదవి బిగపట్టుకుని కూర్చుంది. అప్పుడెవరో గట్టిగా తుమ్మారు. “చిరంజీవ” అనేసి నాలిక్కరుచుకుంది.

నాకు కోపం ఆగదు. “నీకోసం నేను అక్కడ మాటలు పడుతుంటే నీకు లెక్కలేదా?” అని అందరి ముందూ అరిచాను.

“నేననట్లా తల్లీ, నోరే అంటంది” అంది బిక్కమొహం వేసుకుని. “మడిసి తుమ్మితే పానం గడప దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయినట్టంట. మా అమ్మ చెప్పేది. ఎదురుగా కూకుని ఊరికే ఎట్టా చూస్తా ఉండేది?”

నా మాట చాలదని అర్థమైంది. నాకంటే పెద్ద మాట కావాలి. పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు గానీ పుస్తకమంటే భయమూ భక్తీ. నేను పత్రిక కింద పెడితే కాలు తగలకుండా పక్కకు జరిగి కూర్చునే మనిషి. పుస్తకంలో ఉందంటే వింటుంది అనుకున్నాను. ఇంటికెళ్లి వెతకడం మొదలుపెట్టాను.

మన ధర్మశాస్త్రాల్లో తుమ్ము సంగతి తుమ్మినవాడికే చెప్పారు. నీళ్లు తీసుకుని ఆచమనం చేయాలి, నీళ్లు అందకపోతే కుడి చెవి తాకితే చాలు. విన్నవాడు ఏమనాలో నాకు కనపడలేదు. బౌద్ధుల పాత గ్రంథాల్లో మాత్రం ఒక కథ దొరికింది. బుద్ధుడు బోధిస్తూ బోధిస్తూ తుమ్మాడట. శిష్యులంతా చల్లగా బతకండి అని ఒక్కసారిగా గోల చేశారు. బోధ ఆగిపోయింది. ఆ మాట అన్నంత మాత్రాన మనిషి బతుకుతాడా, అనకపోతే పోతాడా అని ఆయన అడిగాడు. లేదన్నారు. అయితే అనకండి అన్నాడు. అబ్బ, సరిగ్గా నాకు కావలసింది ఇదే!

ఆ కథకు ఇంకో సగం ఉంది. ఆ తర్వాత ఊళ్లో జనం, తుమ్మిన భిక్షువుల్ని చల్లగా బతకండి అంటే వాళ్లు బదులు చెప్పకుండా ఊరుకున్నారు. ఇదేం మర్యాద, పలకరిస్తే పలకరు అని జనం నొచ్చుకున్నారు. అది విని బుద్ధుడు, గృహస్థులు మంగళం కోరుకునేవాళ్లు, వాళ్లలా అన్నప్పుడు మీరూ చిరంజీవ అనండి అని ఒప్పుకున్నాడు. చిరంజీవ. పెద్దమ్మ మాటే. అన్ని వందల ఏళ్లనాటి మాట మా షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఇంకో సమయంలో అయితే ఎగిరి గంతేసి నాలుగు పేజీలు రాసేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం చదివి పేజీ తిప్పేశాను. ఆ సగం నాకు పనికిరాదు.

మర్నాడు గేటు దగ్గర సాయిబు గారిని కూడా అడిగాను. చిరిగిన గోనెసంచులు కుట్టే పెద్దాయన. వాళ్ల మత గ్రంథాలు బాగా చదువుకున్నవాడు. వ్యాసాలకు సందేహం వస్తే ఆయన్నే అడుగుతుంటాను.

“బాబాయ్, మీ పుస్తకాల్లో తుమ్ము గురించి ఏమన్నా ఉందా?”

దబ్బనం ఆపి నవ్వాడు. “ఎందుకు లేదు టీచరమ్మా. తుమ్మినవాడు దేవుణ్ణి పొగడాలి. విన్నవాడు దేవుడు నిన్ను దయచూడాలి అనాలి. అప్పుడు తుమ్మినవాడు మళ్లీ, దేవుడు నీకు మంచి దారి చూపించాలి అనాలి.”

“అమ్మో! మా షెడ్డులో అట్లా మొదలుపెడితే ఇక కాయలు ఎవరు తీస్తారు?”

“దానికీ ఒక హద్దు పెట్టారమ్మా. మూడుసార్ల దాకా అనాలి. ఆపైన తుమ్మితే జవాబు చెప్పనక్కర్లేదు. ఎందుకంటే...”

లోపల కాటా దగ్గర ఏదో గొడవ, టీచరమ్మా అని కేక. “చాలు బాబాయ్, చాలు! నాకు కావలసింది దొరికింది” అని పరిగెత్తాను. ఎందుకో ఆయన నోట్లోనే ఉండిపోయింది.

పెద్దమ్మ దగ్గరకు వెళ్లి పక్కన చతికిలబడ్డాను. “పుస్తకాలు చూశాను పెద్దమ్మా. మూడు తుమ్ముల దాకానే అనాలట. నాలుగోదానికి అనకూడదు.” సాయిబు గారు అనక్కర్లేదన్నాడు. అనకూడదు అన్నది నేను.

“పుస్తకంలో ఉందా?”

“ఉంది. ఒకటి కాదు, రెండు మతాల పుస్తకాల్లో ఉంది.”

“ఇద్దరు దేవుళ్లు చెప్పినాక నేనెంత తల్లీ” అంది.

అంతే. ఆ రోజు నుంచి పెద్దమ్మ నా మాట జవదాటలేదు. పొద్దున పని మొదలైన గంటకే షెడ్డులో అందరి మూడు తుమ్ములూ అయిపోయేవి. “అందరియ్యీ అయిపోయినయ్యా?” అని నన్నే అడిగేది. “అయిపోయాయి” అనేదాన్ని. ఇక సాయంత్రం దాకా నోరు విప్పేది కాదు. లేచి అవతలికి పో, కొంగు తడుపుకో అనడం కూడా మానేసింది. నాలుగో తుమ్ము దగ్గర నోరు మూసుకోమని పుస్తకం చెప్పిందంటే అన్నిటికీ మూసుకోమనే అనుకుంది కాబోలు. ఏది అనొచ్చో ఏది అనకూడదో నేను విడమరిచి చెప్పలేదు. నాకు తోచనే లేదు.

షెడ్డు చల్లబడిపోయింది. తుమ్ములు వినపడేవి, అవి పడ్డచోటే పడి ఉండేవి. నవ్వులు లేవు. కాయ కొనేవాళ్లు వచ్చి చూసి తలలూపి వెళ్లారు. “మీ చదువు పనికొచ్చిందండీ టీచర్ గారూ” అన్నాడు ఓనరు. ఇరవై రెండేళ్లు పిల్లలకు చదువు చెప్పినా ఆ మాట ఎవరూ అనలేదు. సిగ్గులేకుండా పొంగిపోయాను. పెద్దమ్మ చోటు నిలబెట్టానని నాకు నేనే భుజం తట్టుకున్నాను. తుమ్ముకు మర్యాద అని ఆ నెల వ్యాసం కూడా మొదలుపెట్టాను.

అయిదో రోజు జరిగింది అది.

పెద్దమ్మ పక్కన ఒక కొత్తమ్మాయి కూర్చునేది. దాచేపల్లి వైపు నుంచి వచ్చింది, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మొగుడికి సిమెంటు ఫ్యాక్టరీలో పని పోయి, ఇద్దరూ ఇటు వచ్చారు. ఆ రోజు దించిన కాయ మహా ఘాటు. నాకే కళ్లు తెరవడం కష్టమైంది. పదకొండు గంటలప్పుడు షెడ్డు అవతలి చివర తాలు కాయలు చూస్తూ తలెత్తితే, పెద్దమ్మ నావైపే చూస్తోంది. చేతులు ఆగిపోయాయి. నన్ను చూస్తుంది, పక్కనున్న అమ్మాయిని చూస్తుంది, మళ్లీ నన్ను చూస్తుంది. ఏదో అడగబోతున్నట్టు పెదాలు కదిలాయి.

మళ్లీ మొదలుపెట్టబోతుందిరా దేవుడా, కెమెరా చూస్తుంది అనుకున్నాను. వేలు తీసి నా పెదాల మీద పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు క్లాసులో గోల చేసే పిల్లలకు పెట్టినట్టు.

ఆమె తల దించుకుంది. నేను కాయల వైపు తిరిగాను. ఎంతసేపో చెప్పలేను, పది నిమిషాలేమో. “అమ్మాయ్!” అని పెద్దమ్మ పెట్టిన కేకకు షెడ్డంతా లేచి నిలబడింది. ఆ అమ్మాయి మిరపకాయల రాశి మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి పైకి రావడం లేదు, గొంతులో సన్నటి ఈలలా వినపడుతోంది.

నలుగురం పట్టి గేటు దగ్గరకు మోశాం. సాయిబు గారు దబ్బనం పారేసి రోడ్డుకు అడ్డంపడి ఆటో ఆపాడు. ఆయనా నేనూ ఇంకొక ఆమే ఎక్కాం. ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. రెండు గంటలకు కళ్లు తెరిచింది. బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, నాకు మాత్రం ఆ రెండు గంటలూ ఎవరూ చెప్పలేదు.

“ఉబ్బసం ఉన్నట్టుంది. తుమ్ములు ఆగిపోయి పిల్లికూతలు మొదలైనప్పుడే గాలిలోకి తీసుకురావాల్సింది. పక్కన ఎవరూ గమనించలేదా?” అని డాక్టరు అడిగింది.

నాతో వచ్చిన ఆమె నా మొహం చూడకుండా చెప్పింది. “ఇదివరకైతే పెద్దమ్మే లేపి పంపిచ్చేదండి. నీ తుమ్ము మారిందే, పో, గాలికి నిలబడు అనేది. ఆమెకి చెవిలో తెలిసిద్ది. నన్ను గూడా రెండుసార్లు లేపింది.” అంటే షెడ్డులో నలభైమందికీ తెలుసు. కాపలా కాయడానికి జీతం తీసుకునే నాకు తప్ప.

వరండాలో బల్ల మీద కూలబడ్డాను. సాయిబు గారు వచ్చి పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా ఆయనకు చెప్పాను, పుస్తకం పేరు చెప్పి పెద్దమ్మ నోరు కట్టేసిన సంగతి కూడా.

“ఆ రోజు సగంలో పరిగెత్తావమ్మా” అన్నాడు. “మూడు దాటితే జవాబు ఎందుకు అక్కర్లేదంటే, అది ఇక ఉత్త తుమ్ము కాదు, రొంప. మనిషికి ఒంట్లో బాలేదని గుర్తు. దీవించి ఊరుకుంటే సరిపోదు. తుమ్మినవాడికి జవాబు చెప్పడం, జబ్బుపడ్డవాణ్ణి వెళ్లి చూడటం, రెండూ మాకు ఒకే వరసలో చెప్పారు, పక్కపక్కనే. ఒకటి అయిపోయిన చోట రెండోది మొదలవుద్ది.”

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఒళ్లంతా మిరప ఘాటు, కళ్లు తుడుచుకుంటే ఇంకా మంట. ఒక పుస్తకంలో సగం తెలిసి దాచాను, ఇంకో పుస్తకంలో సగం వినకుండా పోయాను. ఆ రెండు సగాలూ పెద్దమ్మ ఏ పుస్తకమూ చూడకుండా రోజూ చేస్తూనే ఉంది. అలాంటి మనిషికి నేను పాఠం చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఓనరు షెడ్డులో నిలబడి ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది. అందరికీ వినపడేట్టు అన్నాడు. “ఇదిగో, చూడండి. పక్కనే కూర్చుంది. ఆ అమ్మాయి అల్లాడుతుంటే పది నిమిషాలు చూస్తూ ఊరుకుంది. ఒక్క మాట అనలేదు. మనిషేనా? ఈమె ఇక రావద్దు.”

మొన్న మాట్లాడుతుందని పొమ్మన్నారు. ఇవాళ మాట్లాడలేదని.

హాజరు పుస్తకం గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాను. పెద్దమ్మ ఒక్కసారి నావైపు చూసింది. టీచరమ్మే అనొద్దంది అని ఒక్క మాట అంటే చాలు. నేను నోరు తెరిచాను. తెరిచేసరికి, ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో నన్నెవరు రమ్మంటారు అనే ఆలోచన వచ్చింది, మళ్లీ మూసుకున్నాను. అంతే జరిగింది. దీన్ని ఎంత తిప్పి రాసినా అంతే.

ఆమె ఏమీ అనలేదు. చేతుల నూనె పాతగుడ్డకు తుడుచుకుంది. అన్నం క్యారేజీ తీసుకుంది. గేటు దగ్గర ఆగి, “పోయొస్తా టీచరమ్మా” అంది. నాకు అదీ చెప్పి వెళ్లింది.

మూడు రోజులు నిద్రలేదు. నాలుగో రోజు ఓనరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మాట్లాడొద్దన్నది నేనే, ఆమె ఏదో చెప్పబోతే నోరు మూయించింది కూడా నేనే, కెమెరాలో చూసుకోండి అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. “అయిపోయింది కదండీ. ఇప్పుడు మళ్లీ తవ్వుకోవడం ఎందుకు? మీరు వెళ్లి పని చూసుకోండి” అన్నాడు. నన్ను తీసేయలేదు. తీసేసినా బాగుండేది.

పెద్దమ్మ గది ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోయిందని తెలిసింది. ఆదివారం అద్దంకి బస్సెక్కాను. పత్తి తీసేసిన చేలల్లో కంప ఇంకా నిలబడే ఉంది, కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లెవేసుకుంటూ కూర్చున్నాను. తప్పు చేసినవాడు ఎలా ఒప్పుకోవాలో కూడా పాత గ్రంథాల్లో చాలా ఉంది. అవన్నీ నాకు వచ్చు. ఆటో దిగి ఆమె ఇంటి ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తులేదు.

రేకుల వసారాలో అక్కచెల్లెళ్లిద్దరూ ఎవరివో మిరపకాయలు ముందేసుకుని ఏరుతున్నారు. నన్ను చూడగానే పెద్దమ్మ గబగబా లేచి మంచం మీద గుడ్డలు తీసి చోటు చేసింది. “ఎండనబడి ఎందుకొచ్చావు తల్లీ. కూకో, కూకో. ఆ పిల్ల ఎట్టా ఉంది?” ముందు అడిగింది అదే.

“బాగుంది. ఇంటికెళ్లిపోయింది. పెద్దమ్మా, ఆ రోజు అందరి ముందూ నా పేరు ఎందుకు చెప్పలేదు?”

“చెబితే? చదువుకున్నదానివి. నలుగురిలో నీ మాట తీసేస్తే మళ్లీ ఆ నలుగురి ముందు ఎట్టా నిలబడతావు? పెత్తనం చేసుకోవాల్సినదానివి.” ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. “నాకు ఒకటే బాధమ్మా. ఆ పిల్ల తుమ్ము మారిందని నాకు తెలిసింది. తెలిసి గూడా కూకున్నా. పుస్తకం సంగతి నాకేం తెలుసు, నేను లేవాల్సింది.”

“నువ్వు కాదు పెద్దమ్మా” అన్నాను. “పుస్తకంలో అలా లేదు. నేను...”

తుమ్ము వచ్చింది.

“చిరంజీవ” అంది.

“నేను నీకు సగమే...” రెండో తుమ్ము.

“చిరంజీవ తల్లీ.”

మూడోది వచ్చింది. మూడోదానికీ అంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ముందున్న కాయల ఘాటో మరేమిటో. నోరు తెరిచేసరికి నాలుగోది వచ్చింది. అది ఆగేదాకా వంగి, తల దించుకుని ఉండిపోయాను. వసారాలో చప్పుడు లేదు. పెద్దమ్మ ఏమీ అనలేదు. నేను నేర్పిన పాఠమే, నాకే అప్పజెప్పింది అనుకున్నాను. తల ఎత్తాలంటే భయం వేసింది.

మోకాలి మీద చెయ్యి ఆనించి, అబ్బా అనుకుంటూ ఆమె లేచిన చప్పుడైంది. లోపలికి వెళ్లింది. బానలో చెంబు ముంచిన శబ్దం వినపడింది. నీళ్ల చెంబుతో వచ్చి నా ముందు నిలబడి, తడిపిన తన కొంగు చివర నా చేతిలో పెట్టింది.

“ఇంద, ఇటు గాలికి రా” అంది. “ముందు మొహం కడుక్కో. ఆ మాట తర్వాత చెబుదువుగానిలే.”